ఒక సహోదరి చీటీ

"ఈ సహవాసంలో ఏ తల్లి కన్నీరూ ఒంటరిగా కారరాదు."

తల్లుల ప్రార్థనా సహవాసం చేసిన పద్నాలుగో తీర్మానం అది. ఏకగ్రీవంగా ఆమోదించి, ఫ్రేము కట్టించి, చర్చి వెనక హాల్లో గడియారం కింద తగిలించారు. ఆ రోజు నుంచి తల్లులకు ఒంటరిగా ఏడ్చే వీలు లేకుండా పోయింది. ఏడవదలచిన తల్లి ముందుగా ఒక చీటీ నింపాలి. అందులో గడులుంటాయి: జబ్బు, పరీక్ష, ఉద్యోగం, పెళ్లి, ప్రయాణం, ఇతరములు. తన కన్నీరు ఏ గడి కిందికి వస్తుందో చూసుకుని, టిక్కు పెట్టి, రెండు వాక్యాలకు మించకుండా వివరం రాసి, తలుపు పక్కనున్న చెక్కపెట్టెలో వేయాలి. గురువారం మధ్యాహ్నం మూడింటికి పెట్టె తెరుస్తారు. ఆలోపు ఏడుపు ఆగని పక్షంలో అధ్యక్షురాలికి ఫోన్ చేయవచ్చు. భోజనాల వేళ చేయకూడదు.

చీటీ అడుగున చిన్న అక్షరాలతో మరో గడి ఉంది, స్తుతి అంశాలు అని. మేలు జరిగినవాళ్లు దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడానికి పెట్టారు. దాన్ని వాడేవాళ్లు తక్కువ. మేలు జరిగితే ఆ ముక్క మేలు జరగనివాళ్లకు ఫోన్లో చెప్పడంలో ఉన్న తృప్తి పెట్టెలో వేస్తే రాదు కదా.

అన్నిటికంటే ఘనమైన ఏర్పాటు గోప్యత. చీటీ మీద పేరు రాయనక్కర్లేదు. కార్యదర్శి చీటీలన్నీ ఇంటికి తీసుకెళ్లి, ఆనవాళ్లు తీసేసి, శుభ్రంగా టైపు చేసి తెస్తుంది. "ఒక సహోదరి కుమారుడు లెక్కల్లో మూడోసారి తప్పినందున" అని చదువుతారు. ఆ సహోదరి ఎవరన్నది టీ కప్పులు సగం ఖాళీ అయ్యేలోపు హాలంతటికీ తెలిసిపోతుంది. అయినా ఎవరూ పైకి అనరు. ఆ సహోదరి కూడా అందరితోపాటు "పాపం, ఎవరో ఏమిటో" అని నిట్టూరుస్తుంది.

ఈ సహవాసంలో దర్జీ కూడా సభ్యురాలు. గాయక బృందం గౌన్లు, పాస్టరుగారి అంగీ, తల్లుల కోట్లు, పిల్లల చొక్కాలు, అన్నీ ఆవిడ చేతిమీదుగా పోవలసిందే. ఇంటి ముందుగదే దుకాణం. రెండు మిషన్లు, పొడుగాటి బల్ల, నిలువుటద్దం, వచ్చినవాళ్లు కూర్చోవడానికి గోడవారగా ఒక బెంచీ, మూలన పచ్చ కర్టెన్ వెనక కొలతలు తీసుకునే చోటు. బల్ల సొరుగులో కొలతల పుస్తకం ఉంటుంది. మనిషికొక పేజీ. పైన పేరు, దాని కింద ఎవరి తాలూకు, ఆ తర్వాత మెడ, భుజం, ఛాతీ, చేయి పొడవు. మనుషులు నోటితో ఎన్నయినా చెబుతారు గానీ టేపు ముందు నిలబడితే ఎంత ఉన్నారో అంతే ఉంటారని ఆవిడ ఇరవై ఏడేళ్ల అనుభవం.

ఆవిడకి ఒక్కతే కూతురు. కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్షించే ఉద్యోగం. పదమూడో ఏట నుంచి చర్చిలో కీబోర్డు వాయిస్తోంది. ఆ పిల్ల వాయిస్తే శ్రుతి తెలియని మందుల షాపు ఆవిడ కూడా శ్రుతిలో పాడుతుంది, అది మామూలు సంగతి కాదు.

ఒక సాయంత్రం ఆ పిల్ల కొత్త గౌను వేసుకుని స్టూలు మీద నిలబడి ఉంది. దర్జీ నోట్లో ఆరు గుండుసూదులు పట్టుకుని అంచు మడుస్తోంది.

"అమ్మా, ఒకటి చెప్తాను. సూదులు మింగకు," అంది కూతురు. "నాకు పెళ్లి సంబంధాలు చూడొద్దు. నాకు తోడుంది. మనింటికి వస్తుందే, ఆ కుక్కల డాక్టరు. స్నేహితురాలని చెప్పాను గానీ అంతకంటే ఎక్కువ. చాలా ఎక్కువ. నాకు మొదట్నించీ ఆడపిల్లలంటేనే ఇష్టం. నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను."

నోట్లో సూదులున్న మనిషి వెంటనే మాట్లాడలేదు. ఒక్కోటి తీసి గుచ్చాలి. మొదటి సూది తీసేటప్పుడు "ఎవరు నేర్పారే నీకివి" అందామనుకుంది. గుచ్చేసరికి ఆ మాట తనకే చెత్తగా తోచింది. రెండో సూదికి నలుగురూ ఏమంటారో గుర్తొచ్చింది. మూడో సూదికి ఆ నలుగురి మెడ కొలతలతో సహా గుర్తొచ్చారు, వాళ్లకి భయపడటం ఏమిటనిపించింది. ఇలా అనకూడని మాటలన్నీ అంచులో గుచ్చేసి, ఆఖరి సూది తీసి తలెత్తి చూస్తే పిల్ల స్టూలు మీద వణుకుతోంది.

"ఆ అమ్మాయి కొలతలు నా దగ్గర లేవు. ఆదివారం రమ్మను," అంది దర్జీ.

అంత తేలికగా అయిపోయిందని కాదు. ఆ వారమంతా ఆవిడ మిషను చప్పుడు కింద ఏడ్చింది. తీర్మానానికి విరుద్ధంగా, ఒంటరిగా ఏడ్చింది. పిల్ల మీద కోపంతో కాదు, పిల్లకి లోకం ఏం చేస్తుందోనన్న దిగులుతో. మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన కూడా చేసింది. మార్చమని అడగడానికి కూర్చుంది గానీ నోరు రాలేదు. చేసినవాడికి తాను చేసినదాని కొలతలు తెలియవా అనిపించి, పిల్లని కాపాడమని మాత్రం అడిగి లేచింది. ఆదివారం కుక్కల డాక్టరు వచ్చింది. చేతులు మరీ పొడుగు, దుకాణంలో కొన్న చొక్కాలేవీ మణికట్టు దాకా రావట. దర్జీ కొత్త పేజీ తీసి పేరు రాసి, ఎవరి తాలూకు అన్నచోట "మా అమ్మాయి తాలూకు" అని రాసింది. రాశాక గుండె తేలికైంది.

"అమ్మా, ఇంట్లో ఒకలా చర్చిలో ఒకలా ఉండటం నా వల్ల కాదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగింది కూతురు.

"నేను చెప్తానే. పద్ధతి ప్రకారం చెప్తాను."

పద్ధతి అంటే చీటీ. దర్జీ చెబుతుంటే కూతురు తన షాపులో ప్రింటు తీసింది, కళ్ల పరీక్ష అట్ట మీద ఉన్నంత పెద్ద అక్షరాలతో. "నా కూతురు తన మనసులోని నిజం నాకు చెప్పింది, తన తోడూ ఆడపిల్లే. ఇద్దరూ సుఖంగా ఉన్నారు, దేవునికి స్తోత్రం." సరిగ్గా రెండు వాక్యాలు. స్తుతి అంశాల గడిలో టిక్కు పెట్టింది. పేరు రాయలేదు. ఎందుకు రాయడం, టీ అయ్యేలోపు ఎలాగూ తెలిసిపోతుంది కదా అనుకుంది. ఆ సహవాసపు టీ మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది.

గురువారం వచ్చింది. కార్యదర్శి ముప్ఫై ఏళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన టీచరమ్మ. కళ్లజోడు సర్దుకుని చదివింది. "అత్యవసర ప్రార్థన. ఒక సహోదరి బిడ్డ, లోకరీతికి భిన్నంగా, తనవంటి వారినే తోడుగా ఎంచుకున్నందున, ఆ తల్లి ఆదరణ నిమిత్తం."

దర్జీ అదిరిపడింది. తన స్తుతి కాస్తా అత్యవసరం అయిపోయింది. స్తోత్రం ఎగిరిపోయింది, సుఖం ఎగిరిపోయింది, చివరికి కూతురు కూడా ఎగిరిపోయి బిడ్డ మిగిలింది. పోనీలే, టీలో తేలుతుంది అనుకుని చుట్టూ చూసింది.

ఆ రోజు టీలో ఏమీ తేలలేదు. బిస్కెట్ల పళ్లెం వెళ్లినది వెళ్లినట్టే తిరిగొచ్చింది. మందుల షాపు ఆవిడ తన హ్యాండుబ్యాగులో ఏదో పోయినట్టు అదేపనిగా వెతుక్కుంటోంది. పాస్టరమ్మ గోడమీది తీర్మానాన్ని మొదటిసారి చదువుతున్నట్టు చదువుతోంది. టీచరమ్మ కళ్లజోడు తుడుస్తూనే ఉంది. ఎవరో ఏమిటో అని నిట్టూర్చిన పాపాన కూడా ఎవరూ పోలేదు.

అధ్యక్షురాలు లేచింది. ఆవిడ జనన మరణాల నమోదు కార్యాలయంలో అధికారిగా పనిచేసిన మనిషి. మనిషి పుట్టినా పోయినా ఆవిడ సంతకం పడితేనే లెక్క. రిటైరై ఇల్లు చేరినా ఆ భాష వదల్లేదు.

"విషయం తీవ్రమైనది," అంది. "సదరు తల్లిని గుర్తించి ఓదార్చాల్సిన బాధ్యత మన మీద ఉంది. ఇందుకోసం అయిదుగురితో ఓదార్పు విచారణ కమిటీ వేస్తున్నాను. నేను, కార్యదర్శి, పాస్టరమ్మగారు, మందుల షాపు సిస్టర్. గుర్తించిన మీదట, ప్రార్థన ఫలించేదాకా సదరు బిడ్డకి వేదిక మీద సేవల నుంచి విశ్రాంతి. పాట, వాద్యం, వాక్యపఠనం, ఏదీ ఉండదు. చర్చి వార్షికోత్సవం మూడు వారాల్లో ఉంది, ఆలోపే తేల్చాలి."

వాద్యం అంటే తన కూతురి కీబోర్డేనని దర్జీకి తెలుసు. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే అధ్యక్షురాలు ఆవిడ భుజం మీద చేయి వేసింది.

"అయిదో మనిషివి నువ్వమ్మా. నీకు పిల్లలతో ఏ గొడవా లేదు. బంగారంలాంటి కూతురు. నువ్వే నిష్పక్షపాతంగా ఉండగలవు."

అందరూ తలలూపారు. దర్జీ తెరిచిన నోటిని టీ తాగడానికి వాడుకుంది. ఇంటికి వెళ్లేదాకా సిగ్గుతో ఒళ్లు మండుతూనే ఉంది.

"అంటే నిన్ను వెతకడానికి నిన్నే కమిటీలో వేశారు," అంది కూతురు అంతా విని. నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు. "సరే, వెతుకు. దొరికితే చెప్పు. నేను ఇక్కడే ఉంటాను."

మర్నాటి నుంచి దుకాణానికి గిరాకీ పెరిగింది. కమిటీ సభ్యులందరికీ ఒక్కసారిగా బట్టలు బిగుతయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు కర్టెన్ వెనక్కి రావడం, చేతులు చాపి నిలబడటం, దర్జీ టేపు మెడకి చుట్టగానే గొంతు తగ్గించడం.

మొదట మందుల షాపు ఆవిడ. "వదినా, ఆ చీటీ నా మీద పగతో ఎవరో రాశారు. మా అమ్మాయి గురించి బయటికెలా వచ్చిందో తెలీదు. హాస్టల్లో ఉందనే కదా అందరికీ చెప్పుకొస్తున్నా."

"ముప్ఫై నాలుగేళ్లు వచ్చాయి కదా వదినా, ఇంకా హాస్టలేంటి?"

"అదే మరి. ఆ పిల్లతో కలిసి ఇల్లు కొనుక్కున్నారు. బాల్కనీలో మొక్కలూ అవీ. నేను నెలకోసారి వెళ్తాను. నాకు కాళ్లు కూడా పడుతుంది ఆ పిల్ల, ఏమనుకున్నావ్." ఆవిడ గొంతులో కాస్త గర్వం తొంగిచూసి, వెంటనే దాక్కుంది. "కమిటీని మా ఇంటివైపు రానీకు. పాస్టరమ్మగారి ఇంటివైపు మళ్లించు, వాళ్లనెవరూ అడగరు."

తర్వాత పాస్టరమ్మ. వాళ్ల చిన్నబ్బాయి సంగతి. రెండేళ్ల క్రితం తల్లికి చెప్పాడు. "పాస్టరుగారికి తెలీదు సిస్టర్. ఆయన గుండె తట్టుకోదు," అని కళ్లొత్తుకుంది. ఆ మర్నాడు పాస్టరుగారు అంగీ వదులు చేయించుకోవడానికి వచ్చి, కర్టెన్ వెనక చేతులు చాపి నిలబడి, "మా చిన్నోడి విషయం మా ఆవిడకి తెలీదమ్మా. ఆవిడ గుండె తట్టుకోదు," అన్నారు. దర్జీ ఇద్దరి ఛాతీ కొలతలూ రాసుకుంది. రెండు గుండెలూ గట్టిగానే ఉన్నట్టు తోచింది.

టీచరమ్మ వచ్చిన రోజు మాత్రం దర్జీ టేపు కాసేపు పక్కన పెట్టింది. కొలతల పుస్తకంలో టీచరమ్మ కూతురికి గౌన్లు, కొడుకుకి చొక్కాలు కుట్టిన లెక్క ఉంది. నాలుగేళ్ల కిందట గౌన్లు ఆగిపోయి చొక్కాలు మొదలయ్యాయి. అవే భుజాలు, అవే చేతులు. టీచరమ్మకి ఉన్నది ఒక్క బిడ్డేనని దర్జీకి తెలుసు. ఏనాడూ అడగలేదు.

"ముప్ఫై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దాను," అంది టీచరమ్మ. "ఇప్పుడు మావాణ్ణి రోజుకి మూడుసార్లు పాత పేరుతో పిలుస్తాను, మూడుసార్లూ దిద్దుకుంటాను. వాడు కోప్పడడు. నవ్వుతాడు. అలా నవ్వడం వాడి చిన్నతనంలో కూడా నేను చూడలేదు." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆ చీటీ రాసినావిడ ఎవరో నాకు తెలీదు. కానీ ఆవిడ స్తుతి గడిలో రాసింది. నేనే మార్చాను. పొరపాటున అక్కడ టిక్కు పెట్టిందనుకున్నాను. దీనికి దేవుణ్ణి స్తుతించొచ్చని నాకు తట్టనే లేదమ్మా, ఇంట్లో అంత సంతోషం పెట్టుకుని కూడా."

ఆ చీటీ నాదేనని దర్జీ చెప్పబోయింది. కానీ టీచరమ్మ అప్పటికే కర్టెన్ తీసుకుని, బయట ఎవరూ లేరు కదా అని చూసుకుంటోంది.

చివరికి అధ్యక్షురాలు వచ్చింది. "వార్షికోత్సవానికి మావాడొస్తున్నాడు. రెండు చొక్కాలు. ఎప్పటిలాగే ఒకటి పదిహేను మెడ, ఒకటి పదిహేడు."

"అలాగే అక్కా. ఒకదానికి పొడుగు కూడా నాలుగంగుళాలు ఎక్కువ ఉంటుంది కదా, ఎప్పటిలాగే."

"వాడు ఒక్కోసారి లావెక్కుతాడు," అంది అధ్యక్షురాలు.

"పొడుగు కూడా ఎక్కుతాడా అక్కా?"

అధ్యక్షురాలు నిలువుటద్దంలో తనని తాను చూసుకుంది. పదకొండేళ్లుగా ఆవిడ కొడుక్కి ఒకడే రూమ్మేటు. కొడుకు మూడు ఊళ్లు మారాడు, నాలుగు ఉద్యోగాలు మారాడు, రూమ్మేటు మారలేదు. "నాకు ఆపరేషనైతే ఆస్పత్రిలో తొమ్మిది రోజులు పక్కన కూర్చుంది ఆ రూమ్మేటే," అంది సణిగినట్టుగా. "మావాడు రక్తం చూస్తే పడిపోతాడు. నా బీపీ మాత్రకి రోజూ పొద్దున ఫోన్ చేసి గుర్తుచేసేది కూడా అతనే. కన్నకొడుక్కి గుర్తుండదు." ఇంతలో మళ్లీ ఆఫీసు గొంతు వచ్చేసింది. "అది అలా ఉంచు. సదరు తల్లి బయటి వ్యక్తి అని రిపోర్టు రాసి, పెట్టెకి తాళం వేద్దాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

ఆలోచిస్తే అది దర్జీకి కూడా మంచి బేరమే. చీటీ బయటివాళ్లదైపోతుంది, కూతురు కీబోర్డు కూతురికి ఉంటుంది, టీ నిమ్మళంగా తాగవచ్చు. గురువారం దాకా ఆవిడ అదే ఆలోచించింది. కానీ పుస్తకంలో ఎవరి తాలూకు అన్నచోట తన చేత్తో రాసిన మాట ఒకటుంది. ఇంట్లో రాసినదాన్ని హాల్లో కొట్టేస్తే పిల్లకి ఏ మొహం చూపించాలి?

గురువారం రిపోర్టు చదివారు. "సదరు తల్లి ఈ సహవాసానికి చెందదని ఇందుమూలంగా..." అని అధ్యక్షురాలు అంటుండగా దర్జీ లేచి నిలబడింది.

"చీటీ నాదక్కా. మా అమ్మాయి గురించే. నేను దాన్ని ఓదార్పు కోసం వేయలేదు. స్తుతి గడిలో వేశాను."

హాల్లో పెద్ద నిట్టూర్పు వినిపించింది. దర్జీ దాన్ని సానుభూతి అనుకుంది. పాపం, ఆవిడకి మనుషుల కొలతలు తెలిసినంతగా నిట్టూర్పుల కొలతలు తెలియవు. అది బతికిపోయామన్న నిట్టూర్పు. నలుగురూ వచ్చి ఆవిడని కౌగిలించుకున్నారు. మందుల షాపు ఆవిడైతే వెక్కివెక్కి ఏడ్చింది. "ఎంత కష్టం మోశావు వదినా, మాకెవరికీ ఇలాంటిది తెలీదు కదా," అంది. ఆరు రోజుల కిందట కర్టెన్ వెనక విన్న గొంతు, ఈ గొంతు ఒకే మనిషివని నమ్మడం కష్టమే.

"ఓదార్పు పూర్తయింది," అని ప్రకటించింది అధ్యక్షురాలు. "ఇక రెండో భాగం. సదరు బిడ్డకి వేదిక సేవల నుంచి విశ్రాంతి. సమ్మతించేవారు చేతులెత్తండి."

దర్జీ చూస్తూ నిలబడింది. మందుల షాపు ఆవిడ చేయి, ఇరవై ఒకటిన్నర అంగుళాలు. పాస్టరమ్మది ఇరవై రెండు. అధ్యక్షురాలిది ఇరవై మూడు, అందరికంటే పైకి లేచింది. టీచరమ్మ చేయి ఆలస్యంగా లేచింది, మోచేయి దగ్గర మడతతో. లేచిందన్నది మాత్రం నిజం. ప్రార్థన చేసి టీ ఇచ్చారు. ఆ రోజు బిస్కెట్లన్నీ అయిపోయాయి.

ఇంటికొచ్చి కూతురికి చెప్పింది. ఆ పిల్ల కిందికి వంగింది. తల్లి బూట్లు విప్పదీసి, పక్కన కూర్చుని, "నువ్వు చెప్పావు కదమ్మా. అది చాలు," అంది. దర్జీకి అది చాల్లేదు. పదమూడేళ్ల పిల్లగా చేతులు కీబోర్డుకి అందకపోతే తాను కుట్టిచ్చిన దిండు వేసుకుని వాయించిన బిడ్డ. ఆ కుర్చీ నుంచి దాన్ని లేపింది అలాంటి బిడ్డల్నే పెంచిన చేతులు. ఆవిడకి కోపం వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత, అచ్చమైన కోపం.

మర్నాడు దుకాణం తలుపుకి ఒక బోర్డు వేలాడింది. "ఇకపై బట్టలు వేసుకునే మనిషి స్వయంగా రావలెను. పేరు, ఎవరి తాలూకు చెప్పనిదే కొలత తీసుకోబడదు. పాత కొలతలు చెల్లవు." కత్తిరించి పెట్టిన గాయక బృందం గౌన్లు బల్ల కింద మూట కట్టి ఉన్నాయి.

సహవాసం గగ్గోలెత్తిపోయింది. వార్షికోత్సవానికి రెండు వారాలు కూడా లేదు. పిల్లలంతా వస్తున్నారు. ఊళ్లో మరో దర్జీ ఉన్నాడు గానీ అతని దగ్గర కుట్టించుకున్న పెళ్లికొడుకు చేతులు పైకెత్తలేకపోయిన కథ అందరికీ తెలుసు. ఫోన్లు వచ్చాయి. "మనలో మనకి ఇవేంటి," అన్నారు. దర్జీ ఎవరికైనా ఒకటే జవాబు చెప్పింది. "బోర్డు చూడండి. అందులో అందరికీ ఒకటే రూలు."

ఎవరికి వారు ఒంటరిగా ఆలోచించారు. అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. శనివారం పొద్దున ఎనిమిదింటికి, దుకాణం తెరవగానే, ఎవరూ లేని వేళ వెళ్లి పని ముగించుకోవాలి.

ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా మందుల షాపు ఆవిడ కూతురితోనూ ఆ పిల్లతోనూ వచ్చి బెంచీ మీద కూర్చుంది. కూర్చుందో లేదో పాస్టరమ్మ చిన్నకొడుకుతో లోపలికి అడుగుపెట్టి, వెనక్కి తిరగబోయి, గుమ్మంలో పాస్టరుగారిని ఢీకొట్టింది. ఆయన కూడా ఆ కొడుకు బట్టల సంగతి మాట్లాడటానికే వచ్చారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి గుండె తట్టుకోదో కాసేపు తేలలేదు. తర్వాత టీచరమ్మ తన కొడుకుతో వచ్చింది. అందరికంటే చివర అధ్యక్షురాలు, కొడుకు, నాలుగంగుళాలు పొడుగున్న రూమ్మేటు. అందరూ బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు. తల్లులంతా గుమ్మం వైపే చూస్తున్నారు. పిల్లలు మాత్రం ఒకరినొకరు చూసి తలలు వంచుకుని నవ్వుకుంటున్నారు.

"మొదట ఎవరు?" అంది దర్జీ పుస్తకం తెరిచి. "రండి బాబూ. పేరు?"

రూమ్మేటు లేచి పేరు చెప్పాడు.

"ఎవరి తాలూకు?"

"రూమ్మేటని రాయి," అంది అధ్యక్షురాలు.

"మీ రూమ్మేటా అక్కా?"

బెంచీ మీద ఎవరో ఫక్కుమన్నారు. అధ్యక్షురాలు దగ్గింది. నీళ్లు తాగింది. రూమ్మేటు ఆవిడ చేతిలోంచి గ్లాసు అందుకుని, "మాత్ర వేసుకున్నారా అత్తయ్యా?" అని మెల్లగా అడిగాడు. అత్తయ్య అన్నమాట గదిలో అందరికీ వినిపించింది. అలవాటైపోయిన పిలుపు, నోరు జారినట్టు కూడా లేదు.

"మావాళ్లే," అంది అధ్యక్షురాలు నేల చూస్తూ. "ఇద్దరూ మావాళ్లే అని రాసుకో."

దర్జీ రాసుకుంది. టేపు మాత్రం మెడలోంచి తీయలేదు.

"కొలతలు తీస్తాను. ముందు మొన్నటి చేతుల సంగతి తేల్చండి."

గదిలో కమిటీ మొత్తం ఉంది. అధ్యక్షురాలికి దారి దొరికినట్టయింది. "కోరం సరిపోయింది. కార్యదర్శిగారూ, పుస్తకం తెచ్చారా? రాయండి. గాయక బృందం గౌన్ల కుట్టుపని సౌకర్యార్థం, వాద్య సేవ విశ్రాంతి ఉత్తర్వు రద్దు చేయడమైనది."

టీచరమ్మ అలవాటుగా సంచీలోంచి మినిట్స్ పుస్తకం తీసింది. హాజరైనవారు అన్నచోట నాలుగుసార్లు "ఒక సహోదరి" అని రాసింది. దర్జీ దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది.

"నా పేరు రాయండి," అంది దర్జీ.

లోపలి గదిలోంచి కూతురు వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వెనకాల కుక్కల డాక్టరు, మణికట్టు దాకా వచ్చిన కొత్త చొక్కాలో.

"కుట్టుపని సౌకర్యార్థం నేను వాయించనండీ," అంది కూతురు. "కారణం మార్చండి."

"మరేం రాయమంటావు?" అంది అధ్యక్షురాలు.

"నిజం."

"దానికి మా పుస్తకంలో గడి లేదమ్మా."

"ఉంది," అంది టీచరమ్మ. ఆవిడ రాసినదంతా అడ్డంగా ఒక్క గీతతో కొట్టేసింది, ముప్ఫై ఏళ్లు కాపీలు దిద్దిన చేత్తో. కొత్త పేజీ తీసి, పైన పెద్ద అక్షరాలతో స్తుతి అంశాలు అని రాసింది. "వార్షికోత్సవం రోజు నేనే చదువుతాను. టైపు చేయను, ఉన్నది ఉన్నట్టు చదువుతాను. ఎంతమంది తల్లుల తరఫున అని రాయాలో చెప్పండి. చేతులెత్తండి."

ముందు తన చేయి తనే ఎత్తింది. ఈసారి మోచేయి మడత లేదు. మందుల షాపు ఆవిడ పక్కనున్న ఇద్దరు పిల్లలనూ చూసి ఎత్తింది. పాస్టరమ్మ భర్త వైపు చూసింది. ఆయన అప్పటికే ఎత్తేసి ఉన్నారు, తల్లుల తరఫున అన్న మాట ఆయన పట్టించుకున్నట్టు లేదు. దర్జీ టేపు పట్టుకున్న చేయి ఎత్తింది. అందరూ అధ్యక్షురాలి వైపు చూశారు. కొడుకు చూశాడు. పక్కనున్నతను మాత్రం ఆవిడకి ఇబ్బంది కలగకుండా గోడ వైపు చూశాడు.

"నాకు భుజం నొప్పి," అంది అధ్యక్షురాలు.

"మొన్న గురువారం బాగానే లేచిందిగా అక్కా," అంది దర్జీ.

చాలాసేపటికి అధ్యక్షురాలు చేయి ఎత్తింది. ఆరేళ్ల కిందట కుట్టిన కోటు, చంక దగ్గర కుట్టు పర్రుమని పిగిలింది. ఆ చప్పుడుకి ఆవిడ గబుక్కున చేయి దించబోయింది.

"దించకండి," అంది దర్జీ. "కుట్టు సంగతి నేను చూసుకుంటాను."